మధ్యలో కూర్చున్నవాళ్లం

1996 నవంబరు 6 రాత్రి మా తోటలో 143 కొబ్బరిచెట్లు పడిపోయాయి. ఆ లెక్క నాకిప్పటికీ కంఠతా వచ్చు. మర్నాడు మా నాన్నగారు చెట్టు చెట్టుకీ సున్నంతో గుర్తు పెడుతూ నడుస్తుంటే నేను వెనకాల నోటుపుస్తకంలో గీతలు గీసుకుంటూ వెళ్లాను. నష్టపరిహారానికి రెవెన్యూవాళ్లు వచ్చినప్పుడు ఇంకోసారి లెక్కపెట్టించాం. ఆ పుస్తకం బీరువాలో ఇంకా ఉంది.

అదే రాత్రి భైరవపాలెం నుంచీ బలుసుతిప్ప నుంచీ వేటకు వెళ్లినవాళ్లు, ఏటి మొగల దగ్గర రొయ్యపిల్లలు పట్టుకుంటున్నవాళ్లు తిరిగి రాలేదు. ఆ తుఫానులో పోయినవాళ్లు వెయ్యిమంది పైచిలుకు. మా ఊరికి ఆ పల్లెలు ఎంతో దూరం కాదు. నేను వెళ్లలేదు. మా వీధిలోంచి ఎవరైనా వెళ్లారేమోనని ఎంత ఆలోచించినా ఒక్క మొహం గుర్తు రాదు. ఇప్పటికీ మా ఇళ్లలో తొంభై ఆరు తుఫాను అంటే కొబ్బరిచెట్ల కథే. ఆ పట్టిన రొయ్యపిల్లలు ఎవరి చెరువుల్లోకి వచ్చేవని అడిగితే, మా చెరువుల్లోకే. మా తమ్ముడు అప్పటికి రెండేళ్లుగా చేను తవ్వించి టైగర్ రొయ్య వేస్తున్నాడు.

ఇది రాస్తున్నది కోనసీమలో కాలువ కింద అయిదెకరాలున్న ఇంట్లో పుట్టి, బడిపంతులుగా బతికి రిటైరైన మనిషి. ఇందులో 'మేము' అన్న ప్రతిచోటా నా ఉద్దేశం గోదావరి జిల్లాల వాళ్లందరూ కాదు. మా చేలో నడుములు వంచిన మాలపేట, మాదిగపేట వాళ్లు కాదు, కౌలుకు చేసి అప్పుల్లో మునిగినవాళ్లూ కాదు. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లం, ఊళ్లో మాట చెల్లుబడి అయినవాళ్లం, పిల్లల్ని ఇంజనీర్లను చేసుకున్నవాళ్లం. మేము గోదావరి బిడ్డలమని చెప్పుకున్నాం, పుష్కరాల్లో మునిగాం, పాటలు కట్టుకున్నాం. కానీ మాకు తెలిసిన గోదావరి ధవళేశ్వరం దగ్గర మొదలై మా చేలగట్టు దగ్గర ఆగిపోతుంది. దానికి ఎగువన కొండల్లో ఉన్నవాళ్లనూ, దిగువన సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లనూ మేము మనవాళ్లనుకోలేదు. ఈ రెండు కొసల బతుకుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాక తోచింది. అదీ ఇక్కడ తోచలేదు, అమెరికాలో తోచింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

మేమూ ఒకప్పుడు దిక్కులేనివాళ్లమే. 1833 కరవు, దాని ముందూ వెనకా వచ్చిన తుఫానులు, 1839లో కోరంగిని ముంచేసిన ఉప్పెన, వీటితో ఈ గడ్డ మీద జనం ఆకలికి చచ్చిపోయారు, ఊళ్లు వదిలిపోయారు. పక్కనే నిండుగా నది పారుతుంటే చేలు ఎండిపోయాయి. ఆర్థర్ కాటన్ అది చూశాడు. చూసి ఊరుకోక పైవాళ్లకు రాశాడు, పట్టుబట్టాడు, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట నిలబెట్టాడు. ఈనాడు దాదాపు పది లక్షల ఎకరాలు ఆ నీటి మీద బతుకుతున్నాయి. మా హాల్లో దేవుడి పటాల వరసలోనే ఆయన పటం ఉండేది, పండగకు దానికీ దండ వేసేవాళ్లం. పరాయి దేశపువాడు మా ఆకలిని తన పనిగా పెట్టుకున్నాడని తరతరాలుగా పొంగిపోయాం. అలాంటి చూపు ఇంకొకరి మీద మేమెప్పుడైనా పెట్టామా అని ఆ పటం కింద కూర్చుని ఒక్కరమూ ప్రశ్నించుకోలేదు.

1987లో నాకు ఏజెన్సీలో పోస్టింగు ఇచ్చారు. దేవీపట్నం మండలంలో, ఏటి ఒడ్డున, కొండరెడ్ల గూడెంలో ఏకోపాధ్యాయ పాఠశాల. ఆర్డరు వచ్చిన రోజు మా ఇంట్లో చావు కబురు వచ్చినట్టుంది. ఏజెన్సీ అంటే శిక్ష అని మా ఉద్యోగుల్లో ఎవరూ వివరించనక్కరలేదు. నేను అక్కడ పద్నాలుగు నెలలు ఉన్నాను అని కాగితాల్లో ఉంది. సోమవారం మధ్యాహ్నం లాంచీలో చేరి, శుక్రవారం పొద్దున్నే లాంచీ ఎక్కేసేవాణ్ని. మధ్యలో మలేరియా పేరు చెప్పి వారాలకు వారాలు రాలేదు. ఉన్న రోజుల్లోనూ బదిలీ కోసం ఎవరెవరికి ఉత్తరాలు రాయాలన్నదే నా ధ్యాస. ఇరవై ముగ్గురు పిల్లలు. వాళ్లు మాట్లాడేది తెలుగే, కాకపోతే వాళ్ల యాస వాళ్లది. నేను దాన్ని ఎగతాళి చేసేవాణ్ని. నా ముందు నోరు విప్పడం మానేశారు. నోరు విప్పని పిల్లలకు చదువు రాదని నివేదికలో రాశాను.

ఉండడానికి పూరిల్లు వాళ్లే వేసిచ్చారు. కట్టెలు, చింతపండు, కరక్కాయలు, తేనె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు. నేను వాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. ఏటి నీళ్లు నేనే కాచుకునేవాణ్ని, వంట నేనే చేసుకునేవాణ్ని. ఆరోగ్యం కోసమని అందరికీ చెప్పాను. అది ఆరోగ్యం కోసం కాదు.

ఒకసారి మా పెదనాన్నగారు లాంచీలో వచ్చారు. ఏటి ఒడ్డు మెరకలో ఒక కొండరెడ్డికి ఆరెకరాల జీడిమామిడి తోట ఉంది. ఆయనకు పెదనాన్నగారు అంతకుముందే అప్పుగా కొన్ని బస్తాల బియ్యం, కొంత రొక్కం ఇచ్చి ఉన్నారు. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదని 1959 నుంచీ నిబంధన ఉంది. 1970లో దాన్ని ఇంకా బిగించారు. వన్ ఆఫ్ సెవెంటీ అని మా వైపు చిన్న పిల్లాడికీ తెలుసు, ఎందుకంటే దాని మీద తిట్లు వింటూ పెరిగాం. కొనకూడదు కనక దీర్ఘకాలం కౌలు అని రాయించుకోవాలన్నారు పెదనాన్నగారు. గూడెంలో రాయడం వచ్చింది నాకొక్కడికే. నేనే రాశాను. చదివి వినిపించమని ఆ కొండరెడ్డి అడగలేదు, నేను వినిపించలేదు. వేలిముద్ర వేయించుకున్నాం. ఆయన కొడుకు నా బళ్లో రెండో తరగతి. ఆ పద్నాలుగు నెలల్లో ఆ పిల్లాడికి తన పేరు రాయడం నేర్పలేకపోయినవాణ్ని, వాళ్ల నాన్న తోటను పది నిమిషాల్లో మా ఇంటి పేరు మీదికి రాసేశాను.

ఇది నా ఒక్కడి తప్పయితే ఇంత దూరం రాయక్కరలేదు. గోకవరం నుంచి రంపచోడవరం దాకా, అటు పోలవరం నుంచి కుక్కునూరు దాకా, పల్లంలో పుట్టి మన్యంలో తోటలు, పొగాకు బ్యారన్లు, కలప వ్యాపారం పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. పాత తేదీలు వేసిన తెల్లకాగితాలు, వేరేవాళ్ల పేరు మీద పెట్టిన పట్టాలు, అప్పు తీరేదాకా అనుభవించే ఒప్పందాలు ఉన్నాయి. తీరని అప్పులవి. 1945లోనే ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు పాపికొండల్లో తిరిగి కొండరెడ్ల మీద పుస్తకం అచ్చువేయించాడు. కలప కాంట్రాక్టర్ల కింద వాళ్లు ఎలా నలిగిపోతున్నారో అందులో ఉంది. రాజమండ్రి మాకు ఆదికవి ఊరు, సంస్కర్తల ఊరు, గ్రంథాలయాల ఊరు. అన్ని పత్రికలు, అన్ని సభలు ఉండి, నలభై మైళ్ల ఎగువన ఉన్న మనుషుల గురించి తెలుసుకోవడానికి మేమొక ఆస్ట్రియావాడి పుస్తకం మీద ఆధారపడ్డాం. దాన్ని కూడా మాలో ఎంతమంది చదివారు?

మేము కొండలకు వెళ్లలేదా అంటే, వెళ్లాం. కార్తీకమాసంలో పట్టిసీమ, అక్కణ్నుంచి బోటెక్కి పాపికొండలు. బోటులోనే టిఫిను, భోజనం, మైకులో పాటలు. పేరంటాలపల్లిలో దిగితే కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన పువ్వులు అమ్ముతారు, బేరమాడి కొనుక్కుని ఫొటోలు దిగి వచ్చేశాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. 77 మందిలో 26 మంది బయటపడ్డారు. వాళ్లను నీళ్లలోంచి లాగింది ఆ ఒడ్డున గూడేలవాళ్లే, చిన్న చిన్న పడవల మీద వచ్చి. మనవాళ్లను కాపాడారని టీవీల్లో రెండు రోజులు చెప్పుకున్నాం. రెండేళ్లు తిరక్కుండానే, 2021లో పోలవరం కాఫర్ డ్యాం వెనక నీరు ఎగదన్ని, దేవీపట్నం మండలం ఊళ్లు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. గండిపోశమ్మ గుడి నీళ్లలోకి పోయింది. అమ్మవారి గుడి మునిగిందని నా దగ్గర బాధపడినవాళ్లు చాలామంది. మనల్ని ఒడ్డుకు లాగిన చేతులు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు.

పోలవరం మాకు కల. మా తాతల నాటి నుంచి వింటున్న మాట. అంజయ్యగారి కాలంలో శంకుస్థాపన చేశారు, రాజశేఖరరెడ్డిగారి కాలంలో పనులు కదిలాయి, 2014లో విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు అయింది. ఏడు లక్షల ఎకరాలకు పైగా కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, కృష్ణకు 80 టీఎంసీలు, విశాఖకు మంచినీళ్లు. దాంతో మా దాళ్వాకు దిగులు ఉండదు. ఇప్పుడు కూడా వేసవిలో గోదావరి అడుగంటితే సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి నీళ్లు వదిలించుకుని రెండో పంట గట్టెక్కిస్తున్నాం. ఆ సీలేరు నీళ్లూ కొండలవే. కొండ దిగివచ్చే నీళ్లతో రెండు పంటలు తింటూ, కొండ మీది వాళ్లు మా పన్నుల మీద బతుకుతున్నారని నా సహోద్యోగి అన్నప్పుడు నేను తలూపాను.

ఆ కలకు అడ్డంగా ఉన్నవి 370కి పైగా ఆవాసాలు, లక్ష పైచిలుకు కుటుంబాలు. వాళ్లలో సగం మంది దాకా గిరిజనులు. ముంపు మండలాలను ఇటు కలపకపోతే ప్రాజెక్టు ఆగిపోతుందని 2014లో మేము గొంతు చించుకున్నాం. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు పేర్లు మా నోళ్లలో నానాయి. భూమి కావాలన్నాం. మనుషులు కావాలని ఆ సభల్లో ఎవరన్నారు? నేను ఆ సభల్లో ముందు వరసలో కూర్చున్నాను. వేదిక మీద ముంపు గూడేల మనిషి ఒక్కడు లేడు.

మొదట భూములకు ఇచ్చిన పరిహారం ఎకరాకు 1,15,000 రూపాయలు. అప్పటికి మా ఊళ్లో సెంటు ఇళ్లస్థలం ధరతో పోల్చుకోండి. 2013 చట్టం వచ్చాక గిరిజన కుటుంబానికి పునరావాస ప్యాకేజీ 6,86,000 అన్నారు. సర్వే నాటికి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు, కాలనీ కట్టేసరికి పెళ్లిళ్లై బిడ్డల తల్లిదండ్రులయ్యారు. వాళ్లు లెక్కలోకి రారు. ఇక మా పెదనాన్నగారి తోట. భూసేకరణ నాటికి అడంగల్లో అనుభవదారు అన్న గడిలో ఆయన పేరుంది. డబ్బు ఆయన కొడుకులకు వచ్చింది. నేను రాసిన కాగితం అంత గట్టిగా పనిచేసింది.

2022 సంగతి చెప్పకుండా దాటిపోలేను. ఆ ఏడాది మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టవద్దని మావాళ్లు వీధుల్లోకి వచ్చారు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. మా బంధువుల పిల్లలు ఆ గుంపులో ఉన్నారు, తప్పని వాళ్లకు చెప్పే ధైర్యం నాకు చాలలేదు. ఏడు వారాలు దాటాక గోదావరి వచ్చింది. జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాల్లో జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద కూర్చున్నారు. పోలవరంలో నీళ్లు నిలబెట్టే మొదటి దశ 41.15 మీటర్లనీ, 45.72 మీటర్ల దాకా ఉన్న ఊళ్లను తరవాత చూస్తామనీ ప్రభుత్వం గీత గీసింది. తరవాత చూస్తామన్న ఊళ్లు కూడా ఆ జూలైలో మునిగాయి. మా లంకలూ మునిగాయి, అది నిజం. లంకల కోసం మేము తిండి పొట్లాలు కట్టాం, వ్యాన్లు పంపాం. కొండల మీదున్నవాళ్లకు మా ఊరి నుంచి ఒక్క వ్యాను కదల్లేదు. పేరు కోసం కదిలిన ఆ వేలమంది కాళ్లు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. ఏటిగట్టు మీద కాపలా ఉన్నాయి, మావైపు గండి పడకుండా.

ఇప్పుడు అమెరికా మాట. మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. 2023లో మమ్మల్ని న్యూ ఆర్లీన్స్ చూపించడానికి కారులో తీసుకెళ్తూ దారిలో హోమా అనే ఊళ్లో ఆగింది. ఆ ఊరి పేరు అక్కడి ఒక ఆదివాసీ జాతి పేరు. మిసిసిపీ నది సముద్రంలో కలిసే ఆ బురదనేలల్లో చేపలు, రొయ్యలు పట్టుకుని బతికేవాళ్లు, ఫ్రెంచి మాట్లాడేవాళ్లు. వాళ్ల పిల్లలను 1960ల దాకా తెల్లవాళ్ల బడుల్లోకి రానివ్వలేదు. చదవలేని ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని వాళ్ల నేలలు, కింద ఉన్న చమురు చేజిక్కించుకున్నారని వాళ్ల పెద్దలు చెబుతారు. లూసియానా రాష్ట్రం 1972లో వాళ్లను జాతిగా గుర్తించింది. దేశ ప్రభుత్వం మాత్రం 1994లో గుర్తించడానికి వీల్లేదని ప్రాథమిక నిర్ణయం చెప్పింది.

అక్కణ్నుంచి సముద్రం వైపు వెళ్తే ఒక రోడ్డు. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో సన్నటి తారు. దాని కొసన ఐల్ డి జాన్ చార్ల్స్ అనే లంక. చుట్టాలూ పక్కాలుగా కలిసిపోయిన ఆదివాసీలే అక్కడా ఉండేవాళ్లు. 1955 నుంచి ఆ లంకలో నూటికి 98 వంతుల నేల సముద్రంలోకి పోయింది. ఎందుకు పోయిందని అమ్మాయిని అడిగాను, తను ఫోనులో చూసి చెప్పింది. మిసిసిపీకి గట్లు కట్టి ఒండ్రు పక్కలకు పారకుండా చేశారు, చమురు కంపెనీలు బురదనేలలను కాలువలుగా తవ్వాయి, ఒండ్రు రాని డెల్టా కుంగిపోతోంది. తుఫాను నుంచి కాపాడే కొత్త గట్టు వేసినప్పుడు ఆ లంకను బయట వదిలేశారు. 2016లో 4 కోట్ల 80 లక్షల డాలర్లు కేటాయించారు, సముద్రానికి దూరంగా కాలనీ కట్టారు. 2022లో జనం అక్కడికి మారారు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత అన్యాయం అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక, అదే రోడ్డు ఇంకెక్కడో చూశానే అనిపించింది. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు. ప్రతి తుఫానుకూ కోసుకుపోయి, ప్రతిసారీ రాళ్లు పోసి నిలబెట్టే రోడ్డు. పెళ్లి చీరలకని జామ్‌దానీ కొనడానికి ఆ దారినే ఎన్నిసార్లు వెళ్లామో. అలలు కారు అద్దం మీద పడితే పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ అలలు కోసుకుపోతున్న సూరాడపేట, మాయాపట్నం ఇళ్ల గోడల ముందే కారు ఆపి జీళ్లు కొనుక్కున్నాం. పరాయి దేశంలో గంటసేపట్లో కలిగిన జాలి, సొంత జిల్లాలో నలభై ఏళ్లకూ నాకు కలగలేదు.

బహామాస్ పేరూ మా ఇంట్లో వినపడేదే. అమ్మాయివాళ్లు ఫ్లోరిడా నుంచి క్రూయిజు మీద వెళ్లొచ్చారు. నీలం నీళ్లు, తెల్ల ఇసుక. నల్లజాతివాళ్లు 1973 జూలై 10న స్వతంత్రం తెచ్చుకుని, సొంత జెండా కింద, టూరిజం మీద కరీబియన్‌లో మంచి ఆదాయమే సంపాదిస్తున్న దేశం అది. హోమావాళ్లకూ వీళ్లకూ సముద్రం ఒకటే, తుఫానులు ఒకటే. కానీ సముద్రమట్టం పెరుగుతోందని అడగడానికి బహామాస్‌కు ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉంది. హోమాకు తాము ఉన్నామని ఒప్పించడమే యాభై ఏళ్ల పని. అలాగని బహామాస్‌లోనూ అందరూ ఒకటి కాదు. 2019 సెప్టెంబరు 1న డోరియన్ తుఫాను అబాకో దీవి మీద పడినప్పుడు ఎక్కువ నాశనమైంది హైతీ నుంచి పనికోసం వచ్చినవాళ్ల రేకుల ఇళ్లు. శిథిలాలు తీసేశాక అక్కడ మళ్లీ కట్టుకోనివ్వలేదు. కుర్చీ దొరికినవాళ్లు దొరకనివాళ్లను మరిచిపోవడం ఎక్కడైనా జరిగేదే అని నన్ను నేను ఓదార్చుకోబోయాను. కాటన్ పటం గుర్తొచ్చి ఆ ఓదార్పు నిలవలేదు.

తిరిగొచ్చాక ఒండ్రు గురించి వాకబు చేశాను. మా ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలే ఇరవై ఏళ్ల కిందట లెక్కకట్టి రాసిపెట్టారు. 1970ల్లో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నులకు లోపే. మిగతాదంతా ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతోంది. పాతికేళ్లలో డెల్టా అంచున పదెనిమిది వందల హెక్టార్లు సముద్రం తినేసింది. ఉప్పాడ కోతకు వేరే కారణాలు కూడా ఉన్నాయి: హోప్ ఐలండ్ ఇసుకతిన్నె పెరిగిన తీరు, రేవు కోసం కట్టిన కట్టడాలు. కానీ మొత్తం మీద తీరానికి మట్టి అందడం లేదు. ఎందుకంటే ఆ మట్టిని తెచ్చే నీళ్లను మేము, మాలాంటివాళ్లు, నాసిక్ నుంచి ధవళేశ్వరం దాకా ఆపుకుని పంచుకున్నాం. నేను ఇరవై ఏళ్లు సోషల్ పాఠంలో ఆనకట్టల ఉపయోగాలు అని బోర్డు మీద రాశాను. అయిదు ఉపయోగాలు రాయించేవాణ్ని. ఆగిన మట్టి ఎవరికి నష్టం అని ఒక్క పిల్లాడితో కూడా రాయించలేదు.

పులస గురించి మాకు ఎంత గొప్పో. సముద్రంలోంచి ఎదురీది గోదావరిలోకి వచ్చిన చేపకే ఆ రుచి అని, పుస్తెలమ్మైనా తినాలని. ఆ ఎదురీతను ధవళేశ్వరం దగ్గర ఆపేసింది మన ఆనకట్టే. ఎగువన దాన్ని పట్టుకునేవాళ్ల నోటి దగ్గర కూడు అప్పుడే పోయింది. దిగువన పట్టినవాడు వేలల్లో అమ్ముతాడు గానీ, వలకూ పడవకూ బయానా ఇచ్చిన షావుకారు ధర కట్టాక అతనికి ఎంత మిగులుతుందో నేనెప్పుడూ అడగలేదు.

ఇలా రెండు కొసలనూ పక్కన పెట్టి చూస్తే నాకు కనిపించింది ఇది. ఎగువన అడవి, దిగువన సముద్రం. రెండిట్లోనూ పట్టా లేని ఆస్తి. ఇప్పపువ్వు, చింతపండు, కొండచీపుళ్లు తెచ్చినవాడూ, వంజరం, చందువ తెచ్చినవాడూ ధర చెప్పడు, ధర వింటాడు. చెప్పేవాడు పల్లం నుంచి వచ్చినవాడే. కొండవాళ్లకు 1959 నిబంధన మొదలు, గిరిజనుల భూమికి కాపుగా సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 సమత తీర్పు దాకా చట్టాల అండ ఉంది. నిలబడి అడిగే బలం లేదు. మా అవసరం వచ్చేసరికి ఆ చట్టాలు పక్కకు జరిగాయి. తీరంవాళ్లకు బలం కొంత ఉంది. సంఘాలున్నాయి, ఓట్లున్నాయి, ఏప్రిల్ 15 నుంచి రెండు నెలల వేట నిషేధానికి భృతి సాధించుకున్నారు, రోడ్డు మీద బైఠాయిస్తే అధికారులు వస్తారు. కానీ సముద్రం తినేసిన ఇంటిస్థలానికి పునరావాసం అనే మాటే లేదు. పోలవరం ముంపుకు ఒక సర్వే, ఒక గీత, ఒక జాబితా అయినా ఉన్నాయి. ఉప్పాడ ముంపుకు అవీ లేవు, ఎందుకంటే దాన్ని ఎవరూ చెయ్యలేదు, దానంతట అదే జరుగుతోందని మేము నమ్ముతున్నాం. 2010 ప్రాంతంలో జియోట్యూబులతో గోడ వేశారు, అలలు చింపేశాయి.

ఇద్దరికీ మధ్య మేము కూర్చున్నాం. మా చేతిలో పత్రికలున్నాయి, ఇంజనీర్లున్నారు, మంత్రులున్నారు. 2011లో గిట్టుబాటు లేదని కోనసీమలో పంటవిరామం ప్రకటిస్తే దేశమంతా మా వైపు చూసింది. అలా దేశాన్ని తిప్పగలిగినవాళ్లం, ఎగువకో దిగువకో చెయ్యి చూపించి అటు చూడండి అని ఒక్కసారైనా అనలేదు.

పోయిన ఏడాది గోకవరం మండలం కృష్ణునిపాలెం వెళ్లాను. దేవీపట్నం నుంచి తరలించినవాళ్ల కాలనీ. వరసగా ఒకేలా ఉన్న సిమెంటు ఇళ్లు. ఎవరిని అడగాలో తెలీక కుళాయి దగ్గర నిలబడ్డాను. నలభై అయిదేళ్ల మనిషి దగ్గరికొచ్చి చూసి, "మాస్టారు కదండీ" అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. వాళ్ల నాన్న పేరు చెప్పాడు. ఆ కాగితం మీద నా చేత్తో రాసిన పేరు.

ఇంట్లోకి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. నాన్న కాలనీకి వచ్చిన రెండో ఏడాది పోయాడట. అడవికి వెళ్లాలంటే ఇప్పుడు ఆటో కావాలి, జీలుగు చెట్టు ఈ చుట్టుపక్కల లేదు, ఏరు లేదు. అతను జీడిపిక్కల ఫ్యాక్టరీకి కూలికెళ్తాడు. కొడుకు ఇంటరు చదివాడు. సర్వే నాటికి పద్నాలుగేళ్లు. లెక్కలో లేడు. ఇవన్నీ అడిగితేనే చెప్పాడు. ఒక గ్లాసు నీళ్లు తెచ్చిచ్చాడు. తాగాను.

తోట మాట ఎత్తాలని వెళ్లాను. ఎత్తలేకపోతున్నానని అతనికి అర్థమైందో ఏమో, తనే మాట మార్చాడు. జూన్ నెల అది. ఊడ్పుల రోజులు.

"మీకు కాలవల్లోకి నీళ్లు వదిలేరాండీ?" అన్నాడు.

వదిలారని చెప్పాను.